రెండో అర, ఎడమ పక్క

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి బట్టలు మెషీన్లో వేయాలి. తొమ్మిదింటికి ఆఫీసు చేరాలి. పదిన్నరకు పెట్టె ఆపాలి. పన్నెండింటికి మేనేజరు సంతకం తీసుకోవాలి. ఒంటిగంటకు ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి ప్రశాంతంగా తినాలి. వీటిలో పదిన్నర దాటాక ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు. ఊళ్లో ఉన్న పంపులన్నిటికీ ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాము అక్కడిది. అయితే ఆ ప్రోగ్రాము నేరుగా చెబితే పంపులు వినవు. మధ్యలో ఒక పెట్టె ఉంది. కింది అంతస్తు చివరి గదిలో, ఇనుప బీరువా రెండో అరలో, ముఖాన ఎనిమిది లైట్లతో, ఇరవై రెండేళ్లుగా గురగురమంటూ కూర్చుని ఉంది. దాని లోపల ఒక ప్రత్యేకమైన నెట్‌వర్క్ కార్డు. పంపులకు ఆ కార్డు గొంతు తప్ప మరో గొంతు తెలియదు. నిమిషంపాటు ఆ గొంతు వినపడకపోతే ఏదో కీడు జరిగిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. కార్డు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పోతే ఇంకొకటి దొరకదు.

అందుకని ఏడాదిగా ఆమె ఆ పెట్టెకు నకలు తయారుచేస్తోంది. ఇనుముతో కాదు. ఎక్కడో దూరంగా వేల కంప్యూటర్లు వరసలు తీరిన భవనంలో కొంత చోటు అద్దెకు తీసుకుని పంపుల ప్రోగ్రామును అక్కడికి మార్చారు. ఆ ప్రోగ్రాము మాటిమాటికీ "కార్డు ఉందా?" అని అడుగుతుంది. కార్డు గొంతుతోనే పంపులతో మాట్లాడుతూ, "ఉన్నాను" అని జవాబు చెప్పే మరో ప్రోగ్రామును ఆమె రాసింది. అక్కడ కార్డు లేదు. ఉన్నానన్న జవాబు మాత్రం ఉంది. అడిగేదానికి ఈ తేడా ఎప్పటికీ తెలియకూడదు. అదీ పని.

ఏడాదిపాటు పెట్టె పలికిన ప్రతి పలుకునూ రికార్డు చేసి, అలవాట్లతో సహా నకలులో దింపింది. పెట్టెకు ఒక వింత అలవాటు ఉంది. రోజూ ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నలభై సెకన్లు నోరు మూసుకుంటుంది. ఆ కాసేపు ఆరో లైటు పచ్చరంగు వదిలి పసుపు రంగులోకి తిరుగుతుంది. ఎందుకో ఎవరూ రాసిపెట్టలేదు. మొదట్లో ఆమె ఈ మౌనాన్ని తీసేసి చూసింది. పదకొండు పదికి కార్డు మౌనంగా లేదేమిటని పంపుల ప్రోగ్రాము కంగారుపడి గంట మోగించింది. ఇరవై రెండేళ్ల కాపురంలో అది ఆ మౌనానికీ అలవాటుపడిపోయింది. చేసేది లేక మళ్లీ పెట్టింది.

ఇంతకీ ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఇవాళ పెట్టె ఆపి, నకలు మీదే పంపులన్నీ నడిపి, పన్నెండు లోపల మేనేజరు చేత "సవ్యంగా ఉంది" అని సంతకం పెట్టిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే నెలాఖరుకు బల్ల ఖాళీ చేయాలి.

ఇది ఆఫీసు సంగతి. ఇంటి సంగతి ఇంకా చిక్కు.

ఆ పెట్టెను ఇరవై రెండేళ్లూ చూసుకున్న మనిషి ఆమె మామగారే. ఆఫీసులో ఆయన్ని పెట్టె మేస్త్రి అనేవారు. ఎనిమిది నెలల కిందట రిటైరయ్యారు. అయినా రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర పాత కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, తెరమీద పెట్టె ఎనిమిది లైట్లనూ చూస్తూ ఉంటారు. టైపు చేసి ప్రశ్న అడిగితే పెట్టె తన పేరు, ఉన్న చోటు, లోపలి వేడి చెబుతుంది. పక్కింటివాళ్లు మనవల్ని తలచుకున్నట్టు ఆయన ఆ అంకెల్ని తలచుకుంటారు.

"పెట్టె తీసేస్తున్నారని ఆయనకి చెప్పావంటే ఊరుకోనమ్మాయ్" అంది అత్తగారు నాలుగు రోజుల కిందటే, వంటింటి తలుపు దగ్గరగా వేసి. "మనిషి తట్టుకోలేరు. ఆ లైట్లు అలా వెలుగుతూ ఉండేట్టు చూడు. ఏదో ఒకటి చెయ్యి."

"అబద్ధం ఎన్నాళ్లు ఆడతాం అత్తయ్యా?"

"పంపులకి ఆడట్లేదూ? ఇంకొక్కరికి ఆడితే నీ సొమ్మేం పోయింది?"

కోడలు మూడు రోజుల కిందటే మామగారి తెరను నకలుకు తగిలించింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన చూస్తూనే ఉన్నారు.

పదిన్నరకు ఆమె చివరి గదిలోకి వెళ్లి పెట్టె తీగలు ఒక్కొక్కటే పీకింది. గురగురమన్న చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఇన్నాళ్లూ ఉందని అది ఆగాకే తెలిసింది. గది ఊపిరి బిగబట్టినట్టయింది. అరలో పెట్టె ఉన్న మేరకు నల్లని దీర్ఘచతురస్రం, దాని చుట్టూ వేలు లోతు దుమ్ము. ఆమెకు తుడవాలనిపించింది. కానీ చేయి రాలేదు. పెట్టెను తోపుడు బండి మీద వెనక తలుపు గుండా స్టోరుగదికి చేర్చి, పైన గోనెపట్టా కప్పింది. పైకి వచ్చి చూస్తే పంపులన్నీ తిరుగుతున్నాయి. ప్రోగ్రాము అడుగుతోంది, నకలు "ఉన్నాను" అంటోంది.

ఆమె పెట్టె తీసేటప్పుడు చివరి గది కాపలాదారు ముందు గేటు దగ్గర ఉన్నాడు. అతనికి ఆమె కావాలనే చెప్పలేదు. అతనికి తెలిస్తే మామగారికి తెలిసినట్టే. ఇద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకుంటారని ఆమెకు తెలుసు. మోకాళ్ల నొప్పుల గురించి కాబోలనుకుంది.

మోకాళ్ల గురించి కాదు. పదకొండు పదికి ఆరో లైటు పసుపవగానే మేస్త్రి ఇంటినుంచి ఫోను చేస్తారు. చివరి గది గుమ్మంలోనే కాపలాదారు కుర్చీ, పక్కనే ఫోను. అతను లేచి బీరువా తెరిచి పెట్టె ఎడమ పక్కన మూడుసార్లు తడతాడు. లైటు పచ్చబడుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేస్త్రి స్వయంగా తట్టేవారు. ఇప్పుడు ఫోనులో తట్టిస్తున్నారు. ఈ ముచ్చట ఏ కాగితంలోనూ లేదు. పై అంతస్తులో పనిచేసే కోడలికి అసలే తెలియదు.

ఆ రోజూ ఫోను మోగింది.

"ఏమయ్యా, ఆరోది పసుపైంది. లే."

కాపలాదారు బీరువా తెరిచాడు. తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"మేస్త్రిగారూ... పెట్టె లేదండి."

"లేకపోవడమేంటి?"

"అర ఉందండి. పెట్టె లేదండి."

"ఇప్పుడే నాతో మాట్లాడింది కదయ్యా! నలభై ఒక్క డిగ్రీల వేడిలో ఉన్నానంది."

కాపలాదారు అరమీద చేయి పెట్టి చూశాడు. అర వెచ్చగా ఉంది. ఇరవై రెండేళ్ల వేడి నలభై నిమిషాల్లో చల్లారదు. ఆ సంగతి అతనికి ఆ క్షణంలో తోచలేదు.

"వె... వెచ్చగానే ఉందండి."

"ఉంటుంది మరి. ఎడమ పక్కన తట్టు."

"దేన్నండీ?"

"రోజూ దేన్ని తడుతున్నావో దాన్నే. తొందరగా!"

కాపలాదారు కళ్లు మూసుకుని, ఉత్త గాలిలోంచి చేయి పోనిచ్చి, అర ఎడమ గోడను మూడుసార్లు తట్టాడు.

"ఆఁ, పచ్చబడింది" అన్నారు మేస్త్రిగారు. "శభాష్."

కాపలాదారు ఫోను వేలాడుతూ ఉండగానే మెట్లెక్కేశాడు. మేనేజరు గదిలోకి వెళ్లి, చెప్పులు బయట విడవడం కూడా మరిచిపోయి, "సార్, పెట్టె కనపడకుండా అక్కడే ఉంది సార్" అన్నాడు. మేనేజరు జాగ్రత్తపరుడు. ఏ కాగితం మీదైనా సంతకానికి ముందు పెన్ను రెండుసార్లు విదిలిస్తాడు. పెట్టె తీసేశామని ఇంజనీరు చెప్పింది. ఉందని కాపలాదారు అంటున్నాడు. ఇద్దరిలో ఒకరి మాట తప్పు కావాలి కదా అనుకుని, కోడల్ని వెంటబెట్టుకుని కిందికి దిగాడు. వెనకే ఇద్దరు గుమాస్తాలు, పని లేకపోయినా.

గుమ్మంలో ఫోను ఇంకా వేలాడుతోంది. మేనేజరు తీసి, అందరికీ వినపడేలా మీట నొక్కాడు.

"మేస్త్రీ, నేను. పెట్టె ఎక్కడుందో దాన్నే ఓసారి అడుగు."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"కింది అంతస్తు, చివరి గది, రెండో అరలో ఉన్నానంటోందండి" అంది ఫోను.

అందరూ రెండో అర వైపు చూశారు. నల్లని దీర్ఘచతురస్రం వాళ్లవైపు చూసింది. గుమాస్తాల్లో ఒకడు గుమ్మం బయటికి జరిగాడు.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. పెట్టెలో రాసి ఉన్న ప్రతి అక్షరాన్నీ నకలులోకి ఎత్తినప్పుడు చిరునామా కూడా వచ్చేసింది. పోయినవాళ్ల పేరిట ఇంటికి ఉత్తరాలు వస్తూ ఉండవూ, అలాగే. ఈ ముక్క కోడలి నాలుక చివర ఉంది. కానీ ఫోనులో వింటున్నది మామగారు.

"ఏమ్మా, పెట్టె తీసేశానన్నారు కదా మీరు!" అన్నాడు మేనేజరు.

"ఉండాల్సిన చోటే ఉంది సార్" అంది కోడలు గట్టిగా, ఫోనుకు వినపడేలా.

"అదేనమ్మా, ఎక్కడా?"

"ఎదురుగానే ఉంది కదా సార్." అని, ఆయన వెనక ఉన్న ఫోనును కళ్లతో చూపించింది, కాస్త అర్థం చేసుకోండన్నట్టు.

మేనేజరు మరోలా అర్థం చేసుకున్నాడు. తన వెనక ఏదో నిలబడి ఉందనుకుని ఒక్క గంతులో కాపలాదారు మీద పడ్డాడు. కాపలాదారు గుమాస్తా మీద పడ్డాడు.

"ఏంటా గొడవ?" అంది ఫోను. "ఉండండి, నేనే వస్తున్నా." ఫోను పెట్టేసిన చప్పుడు.

కోడలు ఊపిరి పీల్చుకుని మొత్తం విషయం విప్పి చెప్పింది. మేనేజరు చొక్కా సర్దుకుంటూ విన్నాడు. నకలు సంగతి నమ్మాడు, చిరునామా సంగతి నమ్మాడు, మామగారి సంగతికి జాలి కూడా పడ్డాడు.

"సరేనమ్మా. మరి ఇతను అర తడితే లైటు ఎందుకు పచ్చబడింది?"

"నలభై సెకన్లు అయిపోయాయి సార్, అందుకని. తట్టడం, అదీ ఒకేసారి జరిగాయి. కాకతాళీయం."

"కాకతాళీయం" అని మేనేజరు ఆ మాటను రుచి చూసినట్టు పలికాడు. "ఊరికంతటికీ నీళ్లమ్మా. ఆ మాట ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేను."

పదకొండు ఇరవై అయింది. ఇంతలో ఆమె జేబులో సెల్లు మోగింది. అత్తగారు.

"ఏం చేశావే తల్లీ? ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని మరీ బయల్దేరారు! పెట్టెను కళ్లారా చూడాలట. పదిహేను నిమిషాల్లో అక్కడుంటారు. అది అక్కడ లేకపోతే ఆ మనిషి ఏమైపోతారో నాకు తెలీదు!"

మిగిలింది ఒకటే దారి. కోడలు స్టోరుగదికి పరుగెత్తి బండి తోసుకొచ్చింది. కాపలాదారు గోనెపట్టా కింద ఉన్నదేమిటో చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓ చెయ్యి వెయ్యి, బరువుగా ఉంది."

"కుడి పక్క అయితే పడతానమ్మా. ఎడమ పక్క మాత్రం నా వల్ల కాదు."

చివరికి ఎడమ పక్క ఆమే పట్టుకుంది. దుమ్ములో ఉన్న గుర్తులోకి పెట్టె అంగుళం తేడా లేకుండా కూర్చుంది. కరెంటు తీగ మాత్రం గుచ్చింది. గురగుర మొదలైంది, లైట్లు వెలిగాయి. పంపుల తీగ తగిలించలేదు. పంపుల పని దూరంగా నకలు చేసుకుంటూనే ఉంది. ఇప్పుడు పెట్టె రెండు చోట్ల ఉన్నట్టు, లేదా ఎక్కడా లేనట్టు. మేనేజరు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇందాక లేదు, ఇప్పుడుంది" అని ఎవరికీ కాకుండా చెప్పుకుని వెళ్లిపోయాడు.

పదకొండు ముప్ఫై ఎనిమిదికి మామగారు వచ్చారు. చొక్కా కుట్లు బయటికి ఉన్నాయి. బీరువా ముందు నిలబడి పెట్టెను కాసేపు చూశారు. జేబురుమాలు తీసి దాని పైభాగం తుడిచారు. కాపలాదారు వైపు తిరిగి, "నువ్వు కాస్త అవతలికి వెళ్లవయ్యా" అన్నారు. తలుపు దగ్గరగా వేశారు.

"తల్లీ, నాలుగో లైటు చూడు."

కోడలు చూసింది. నాలుగో లైటు వెలగడం లేదు.

"అది ఆరేళ్ల కిందటే మాడిపోయింది. పని ఆగలేదని నేనూ మార్చలేదు, తెరమీదా అది చీకటిగానే ఉండేది. మూడు రోజులుగా ఇంట్లో ఎనిమిదీ ధగధగా వెలుగుతున్నాయి."

కోడలు వంగి ఆ లైటును వేలితో తుడిచి చూసింది. పెట్టె పలికిన పలుకులన్నీ రికార్డు చేసింది. మాడిన లైటు పలకదు కదా.

"అంటే మీకు మూడు రోజులుగా..."

"మొదటి పూటే తెలిసింది."

"మరి చెప్పలేదేం మావయ్యా?"

"మీ అత్తయ్య చెప్పనిస్తేనా? పిల్ల ఏడాది కష్టపడి చేసింది, మీరు కనిపెట్టేశారని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటుంది, తెలియనట్టే ఉండండి అంది. అందుకే ఇవాళ కూడా మామూలుగా ఫోను చేశాను. చెయ్యకపోతే నీకు అనుమానం రాదూ? వీడికి మీరంతా చెప్పే ఉంటారనుకున్నా. పెట్టె లేదు, పెట్టె లేదని అరుస్తుంటే, ఇంత నాటకం కూడా ఆడలేడేంట్రా అనుకున్నా. ఇంకా పాడుచేస్తాడేమోనని పరిగెత్తుకొచ్చా."

"నన్నూ అత్తయ్యే చెప్పొద్దంది" అంది కోడలు నెమ్మదిగా.

అంటే రెండువైపులా ఇద్దరి చేతా నాటకం ఆడించింది అత్తగారే. సెల్లు మోగింది.

"ఏమ్మా? ఆయనకి తెలిసిపోయిందా?" అత్తగారి గొంతు గుసగుసగా.

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"లేదత్తయ్యా. ఏమీ తెలియలేదు."

"హమ్మయ్య" అంది అత్తగారు. మామగారు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు.

సంతకం సంగతీ ఆయనే తేల్చారు. మేనేజరు గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, "తట్టడంలో ఏమీ లేదు సార్" అన్నారు. "నలభై సెకన్లకి అదే లేస్తుంది. నా మొదటి సంవత్సరంలోనే జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. ఎవరూ తట్టలేదు. దాని మానాన అదే లేచింది."

"మరి ఇరవై రెండేళ్లు ఎందుకు తట్టినట్టు?"

"లైటు పసుపైనప్పుడు మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడితే ఎవరైనా ఊరుకుంటారా సార్? మీరే ఊరుకునేవారా?"

మేనేజరు ఆలోచించాడు. ఊరుకునేవాడు కాదు. మేస్త్రి ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. దాని కింద, పన్నెండుకు రెండు నిమిషాలుండగా, పెన్ను రెండుసార్లు విదిలించి, మేనేజరూ పెట్టాడు. కోడలి ఉద్యోగం ఖాయమైంది. మధ్యాహ్నం పెట్టెను మళ్లీ స్టోరుకు చేర్చేటప్పుడు మామగారే తీగ పీకారు. ఈసారి చివరి గదిలో నిశ్శబ్దం అంత బరువుగా అనిపించలేదు.

మర్నాడు పదకొండు పదికి ఫోను మోగలేదు. మోగాల్సిన పని లేదు. పై అంతస్తులో కోడలు తన తెరమీద ఆరో లైటు పసుపవడం చూసింది. నకలు మౌనంగా ఉంది. ముప్ఫై. ముప్ఫై ఐదు. నలభై.

పసుపు రంగు అలాగే ఉంది.

నలభై మూడు. ఆమె తెరకు దగ్గరగా జరిగింది. ప్రోగ్రాము అడుగుతోంది, కార్డు ఉందా, కార్డు ఉందా. జవాబు లేదు. నకలు చెడిపోలేదు, ఆగిపోలేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది. నలభై ఏడు. ఇంకో పదమూడు సెకన్లలో ఊళ్లో పంపులన్నీ ఆగిపోతాయి. ఆమె ఫోను అందుకుంది.

"తట్టు!"

"ఏంటమ్మా?" అన్నాడు కాపలాదారు.

"రెండో అర! ఎడమ పక్క! తట్టు!"

"అక్కడ పెట్టె లేదు కదమ్మా. తట్టక్కర్లేదని మేస్త్రిగారు కూడా..."

"లేకపోతే ఏం, తట్టవయ్యా బాబూ!"

ఫోనులో బీరువా తలుపు కిర్రుమంది. ఒకటి. రెండు. మూడు. యాభై ఏడో సెకనులో ఆరో లైటు పచ్చబడింది. "ఉన్నాను" అంది నకలు.

ఆమె మూడు రోజులు కూర్చుని తాను రాసిన ప్రతి వరుసా వెతికింది. ఎదురుచూడమని ఎక్కడా రాయలేదు. తాను రికార్డు చేసిన ఏడాదిలో పెట్టెను తట్టని రోజు ఒక్కటీ లేదన్నది నిజమే. ఆదివారాలు కూడా కాపలాదారు తట్టాడు. కానీ ఇక్కడ ఇనుప అర మీద తట్టిన చప్పుడు, ఎక్కడో భవనంలో చెవులు లేని ప్రోగ్రాముకు ఎలా చేరుతుంది? అసలుకు ఎన్నడూ అక్కరలేని తట్టు నకలుకు కావలసి వచ్చింది. మామగారిని అడగబోయి ఊరుకుంది. ఆయన తట్టడంలో ఏమీ లేదని రాసి సంతకం పెట్టిన మనిషి.

నాలుగో రోజు రోజువారీ విధుల పట్టికలో ఆమె ఒక వరుస చేర్చింది: "ఉదయం 11:10 — చివరి గది, బీరువా, ఖాళీ రెండో అర, ఎడమ పక్క, మూడుసార్లు తట్టవలెను." మేనేజరు చదివాడు. పెన్ను రెండుసార్లు విదిలించాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. "ఖాళీ" అన్న మాట కొట్టేసి సంతకం పెట్టాడు.